‘పడింది’ అని రాసిన చీటీ

ఆ సైకిళ్ళ దుకాణంలో అందరూ ఆయనను చెవిమేస్త్రి అనేవారు. చెవులు పెద్దవని కాదు. సైకిలును స్టాండుకు ఎక్కించి, ఒక చేత్తో పెడలు తిప్పుతూ, రెండో చేత్తో గేరు మారుస్తూ, వెనక చక్రం పక్కన తల వంచి చెవి ఒగ్గేవాడు. ఆ కాసేపూ కళ్ళు మూసుకునే ఉండేవాడు. చైను ఒక పళ్ళచక్రం మీంచి ఇంకో పళ్ళచక్రం మీదికి సరిగ్గా దిగితే వచ్చే ‘టిక్’ వేరు. సగం దిగి వేలాడుతుంటే వచ్చే గరగర వేరు. ఇవాళ్టికి దిగినట్టే దిగి, ఎల్లుండి ఎత్తు ఎక్కేటప్పుడు జారిపోయే చైను చేసే సన్నని నస ఇంకా వేరు. ఆ మూడో చప్పుడు మామూలు మనుషులకు వినపడదు. దేవుడు ఎవరికి ఏది ఇస్తాడో మనకు తెలియదు గానీ, ఆయనకు మాత్రం అది వినే చెవిని ఇచ్చాడు.

సరైన చప్పుడు రాగానే కళ్ళు తెరిచి, ఎవరితోనో కాకుండా తనలో తాను అన్నట్టు “పడింది” అనేవాడు. అంటే గేరు పడింది అని. దుకాణం చీటీ మీద బ్రేకు, టైరు, చైను అంటూ ఎన్నో గళ్ళు అచ్చువేసి ఉండేవి. ఆయన ఆ గళ్ళ జోలికి పోకుండా, చీటీకి అడ్డంగా పెద్ద అక్షరాలతో ‘పడింది’ అని రాసి కింద సంతకం పెట్టేవాడు. ముప్పై ఏళ్ళలో ఆ మాట రాసిన సైకిలు ఒక్కటీ అదే జబ్బుతో తిరిగి రాలేదు. ఈ సంగతి ఊరికి తెలుసు, ఆయన భార్యకు ఇంకా బాగా తెలుసు. “లోకంలో ప్రతి సైకిలు మాటా వినిపిస్తుంది ఈయనకు, వంటింట్లోంచి నేను పిలిచే పిలుపు తప్ప” అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

దుకాణం పెట్టిన పెద్దాయన పోయాక దాని పెత్తనం అల్లుడికి వచ్చింది. ఇప్పటికీ పనివాళ్ళందరూ ఆయనను అల్లుడుగారు అనే పిలుస్తారు. అల్లుడుగారు ముందుభాగమంతా అద్దాలు బిగించి, మేస్త్రి పనిబల్లను వెనక గదిలోకి నెట్టాడు. ఆ అద్దాల వెనక, బాగా వెలుతురు పడే చోట, ఇంట్లోనే తొక్కుకునే యంత్రాలు వచ్చి కూర్చున్నాయి.

ఆ యంత్రం చూసిన మొదటిరోజు నుంచీ మేస్త్రికి దాని మీద రోత. సైకిలుకు వెనక చక్రం ఊడదీసి, ఆ మొండి సైకిలును ఒక ఇనుప దిమ్మెకు బిగిస్తారు. ఎదురుగా ఒక తెర. తెరలో కొండలు, చెట్లు, రోడ్డు. మనిషి తొక్కుతుంటే తెరలో రోడ్డు కదులుతుంది, మనిషి కదలడు. రోడ్డు ఎత్తుగా ఉంటే దిమ్మె లోపలి అయస్కాంతం బిగిసి పెడలు బరువెక్కుతుంది. ఇదంతా నడిపేది ఫోనులో ఉండే యాప్. వచ్చినవాళ్ళంతా ఎక్కి తొక్కి చూసి దిగిపోయాక, తుడవడం మేస్త్రి వంతు. ఎవరెవరి చెమటో కారి, హ్యాండిలు కింద బోల్టుల మీద తెల్లటి ఉప్పుగా పేరుకునేది. రెండు నెలలకే బోల్టులు తుప్పు పట్టాయి. కింద పరిచిన రబ్బరు చాప తడిసి ముక్కిన గుడ్డలా కంపు కొట్టేది. వానలో తడిసిన సైకిలును, పేడలో దిగిన సైకిలును, మురిక్కాలవలో పడిన సైకిలును సైతం ముఖం చిట్లించకుండా కడిగిన మనిషి, దీని దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకునేవాడు. వాన తడి, పేడ, మురుగు ఎక్కడికో వెళుతూ అంటుకున్నవి. ఇది ఎక్కడికీ వెళ్ళకుండా పట్టిన మురికి అనిపించేది ఆయనకు.

అంతకన్నా పెద్ద రోత దాని గేరు. ఆ దిమ్మెకు పళ్ళచక్రాల వరుస లేదు. ఒక్కటంటే ఒక్కటే చక్రం, దానికి అటూ ఇటూ ప్లాస్టిక్ బిళ్ళలు. హ్యాండిలు మీద రెండు బటన్లున్న చిన్న డబ్బీ. బటన్ నొక్కితే చైను ఉన్నచోటే ఉంటుంది, పెడలు మాత్రం తేలికవుతుంది, లేదా బరువవుతుంది. నొక్కిన ప్రతిసారీ డబ్బీలోంచి ‘టిక్’ అని చప్పుడు.

“చైను కదలకపోతే ఈ చప్పుడు ఎక్కడిదండీ?” అని అడిగాడు మేస్త్రి.

“అందులో స్పీకర్ ఉంది మేస్త్రీ. చప్పుడు లేకపోతే జనానికి గేరు మారినట్టు అనిపించదట. అందుకని పెట్టారు” అన్నాడు అల్లుడుగారు, అదేదో తన ఇంట్లో పుట్టిన తెలివి అన్నట్టు.

ఖాళీ కంచం ముందు కూర్చోబెట్టి, పక్కనుంచి ఎవరో నమిలిన చప్పుడు చేసి, తిన్నావు కదా ఇక లే అన్నట్టు తోచింది మేస్త్రికి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెయ్యి రెండుసార్లు కడుక్కున్నాడు. భార్య చూసి, ఏమైనా చచ్చిన ఎలుకను ముట్టుకున్నారా అని అడిగింది. చచ్చిందైతే ఊరుకునేది, ఇది అరుస్తోంది అన్నాడాయన.

అద్దం మీద అల్లుడుగారు ఎర్రటి అక్షరాలు అంటించాడు: ‘ఏ యాప్‌కైనా సరే’.

ఇక ఉత్తరాలమ్మ సంగతి చెప్పాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ చుట్టుపక్కల వీధులకు సైకిలు మీద టపా పంచేది ఆమే. ఆమె సైకిలు మేస్త్రి చేతిలోనే పెరిగిందని చెప్పాలి. కొండవీధి ఎత్తు ఎక్కడానికి ఏడు గేర్లు పెట్టించుకుంది, మేస్త్రే బిగించాడు. ఉత్తరం ఉన్న ఇంటి ముందు బెల్లు ఒకసారి కొట్టేది. ఉత్తరం కోసం ఎదురుచూసేవాళ్ళ ఇళ్ళు కొన్ని ఉంటాయి. అక్కడ ఉత్తరం లేని రోజున రెండుసార్లు కొట్టి, ఇవాళ ఏమీ లేవు అని చెప్పి వెళ్ళేది. లేదని తెలిస్తే మనిషి ఆ పూటకైనా నిశ్చింతగా అన్నం తింటాడు కదా మేస్త్రీ అనేది. జీతంలో ఈ పని లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు కూడా.

ఒక వానరోజు ఉదయం మలుపులో సైకిలు జారి ఉత్తరాలమ్మ మోకాలిచిప్ప పగిలింది. ఆపరేషన్ అయింది. కాలు కుదిరాక కసరత్తు చేయించే డాక్టరమ్మ ఒక యాప్ ఇచ్చింది. అందులో రోజూ ఒక రోడ్డు వస్తుంది, దాన్ని ఇంట్లో కూర్చుని తొక్కాలి, ఎంతసేపు తొక్కిందో డాక్టరమ్మకు అక్కడ తెలుస్తుంది. ఎనిమిది వారాలు గడువు. ఆ లోపల ఎత్తుపల్లాల రోడ్డు మీద ఆగకుండా ఇరవై నిమిషాలు తొక్కగలిగితే డాక్టరమ్మ కాగితం ఇస్తుంది, ఉత్తరాలమ్మ మళ్ళీ తన వీధుల్లోకి వెళుతుంది. లేకపోతే ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే గదిలో బల్ల ముందు కూర్చోవాలి, రిటైరయ్యేదాకా. ఆ గదికి కిటికీ లేదు.

తోటి టపావాళ్ళు ఆమెకు చెప్పకుండా తలా ఒక చెయ్యి వేసి, అల్లుడుగారి దుకాణంలో ఆ యంత్రాన్ని కొని ఆమె ఇంటికి పంపారు. కొనేముందు డాక్టరమ్మ యాప్‌తో పనిచేస్తుందా అని అడిగారు. అల్లుడుగారు అద్దం మీది ఎర్ర అక్షరాలు చూపించాడు.

బిగించడానికి మేస్త్రి వెళ్ళాడు. రెండో అంతస్తు, ముందుగది, కిటికీ పక్కన. కింది వాటాలో ఉండే ముసలావిడ, యంత్రం చప్పుడుకు గొడవపెట్టుకుంటుందేమో అనుకుంటే, మందపాటి దుప్పటి మడతపెట్టి పైకి పట్టుకొచ్చింది. నా పైకప్పు కోసం కాదు, ఆ పిల్ల దిగేటప్పుడు కాలికి గట్టినేల తగలకుండా వెయ్యి అని చెప్పి, మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని దిగిపోయింది.

మేస్త్రి ఉత్తరాలమ్మ సైకిలుకు వెనక చక్రం తీశాడు. చక్రాన్ని గుడ్డతో చుట్టి గోడకు తగిలించాడు. దిమ్మెకు సైకిలు బిగించాడు. ఇక పాత గేరు తీగ పనికిరాదు, కత్తిరించి పారేయమని కంపెనీ కాగితంలో ఉంది. తన చేత్తో వేసిన తీగను కత్తిరించడానికి చెయ్యి రాలేదు. చుట్టచుట్టి సైకిలు కమ్మీకి కట్టాడు. ముందు యంత్రంతో వచ్చిన కంపెనీ యాప్ పెట్టి, పెడలు చేత్తో తిప్పుతూ బటన్ నొక్కాడు. టిక్. పెడలు తేలికైంది. టిక్. బరువైంది. తరువాత ఉత్తరాలమ్మ డాక్టరమ్మ యాప్ తెరిచింది. మేస్త్రి అప్పటికే పనిముట్లు సంచిలో సర్దుతున్నాడు. ఆ డబ్బీ చప్పుడు వింటుంటే ఆయనకు ఒళ్ళు జలదరిస్తోంది, ఎంత త్వరగా ఆ గదిలోంచి బయటపడదామా అని ఉంది. వంగి ఉన్నవాడు వంగినట్టే బటన్ నొక్కమన్నాడు. ఆమె నొక్కింది.

టిక్.

“పడింది” అన్నాడు మేస్త్రి. అలవాటుగా అన్నాడు. చీటీ మీద అలవాటుగా రాశాడు, అలవాటుగా సంతకం పెట్టాడు. పెడలు మీద చెయ్యి వెయ్యలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వెనక గదిలో చక్రం సరిచేస్తుంటే, ముందుగదిలో అల్లుడుగారు ఫోనులో మాట్లాడటం వినపడింది. అవతలి గొంతు కూడా సన్నగా వినపడింది. ఆ చెవికి వినపడకపోతే ఎవరికి వినపడుతుంది. ఉత్తరాలమ్మ గొంతు. ఎత్తు వచ్చినప్పుడు గేరు తగ్గించినా కాలికి తేలిక అనిపించడం లేదని, యంత్రంలో ఏమైనా లోపముందేమో చూడమని అడుగుతోంది. అడిగే తీరులో ఫిర్యాదు లేదు. తనదే తప్పయి ఉంటుంది, అయినా ఒకసారి చూస్తారా అన్నట్టు అడుగుతోంది.

“యంత్రం బ్రహ్మాండంగా ఉందమ్మా” అన్నాడు అల్లుడుగారు. “ఇదిగో, చెవిమేస్త్రి చేతిరాత నా ముందే ఉంది. పడింది అని రాసి సంతకం పెట్టాడు. ఆయన రాశాడంటే ఇక తిరుగు లేదని మీకూ తెలుసు. మీ కాలే ఇంకా కుదురుకోలేదేమో చూపించుకోండి.”

అవును, మేస్త్రి రాశాడుగా అంది ఉత్తరాలమ్మ. ఫోను పెట్టేసింది.

మేస్త్రి చేతిలో ఉన్న రెంచి బల్ల మీద పెట్టాడు. ముందుగదిలోకి వచ్చాడు. అల్లుడుగారు ఆ చీటీని మళ్ళీ ఫైలులో జాగ్రత్తగా పెడుతున్నాడు.

“అల్లుడుగారూ, డాక్టరమ్మ యాప్‌లో ఆ బటన్లు పనిచేస్తాయా?”

“చప్పుడు వస్తోందా?”

“వస్తోంది.”

“మరింకేం.”

“చప్పుడు సంగతి కాదు నేనడిగేది. బరువు మారుతుందా అని.”

అల్లుడుగారు ఫైలు మూసి, ఇంత చిన్నదానికి ఇంత పెద్ద ముఖం ఏమిటన్నట్టు చూశాడు. “కంపెనీ యాప్‌లో మారుతుంది. వేరేవాటిలో మారదు. పెట్టె అడుగున రాసే ఉంది.”

“ఏ యాప్‌కైనా సరే అని బయట రాయించారు కదండీ.”

“ఏ యాప్‌కైనా తగులుకుంటుంది. తగులుకోవడం వేరు, గేర్లు మారడం వేరు. వాళ్ళు అడిగింది పనిచేస్తుందా అని. పనిచేస్తోంది. నేనెక్కడా అబద్ధం చెప్పలేదు మేస్త్రీ.”

మేస్త్రి మూల ఉన్న ఖాళీ పెట్టె తిరగేశాడు. అడుగున, అట్ట మడత దగ్గర, చీమలు బారులు తీరినట్టు అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుని, అట్టను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చదివాడు. నిజమే, రాసే ఉంది. నిలబడినచోటే ఆయనకు ఆ దుకాణమంతా ఆ రబ్బరు చాప కంపు కొట్టినట్టయింది. పెద్దాయన బతికుండగా ఇదే గదిలో, ఒక ట్యూబుకు అతుకు నిలవదని తోస్తే, నిలవదు అని వచ్చినవాడి ముఖం మీదే చెప్పి పంపేవారు. ఇప్పుడు అబద్ధం చెప్పకుండానే మోసం చేసే తెలివి వచ్చింది. ఆ తెలివి మీద తన సంతకం ముద్రలా కూర్చుంది.

పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. పని మధ్యలో ఎక్కడికి అని అల్లుడుగారు అడిగాడు.

“నా సంతకం ఎక్కడుందో అక్కడికి” అన్నాడు మేస్త్రి.

ఉత్తరాలమ్మ తలుపు తీసింది. మూడు వారాల్లో మనిషి సగమైంది. రండి మేస్త్రీ, ఎండలో వచ్చారు అని ముందు నీళ్ళిచ్చింది. కుర్చీ జరపబోయి, మోకాలు పట్టుకుని ఆగిపోయింది. మేస్త్రే కుర్చీ లాక్కున్నాడు. బల్ల మీద ఒక నోటుపుస్తకం తెరిచి ఉంది. తేదీ, పక్కన నిమిషాలు. ఆరు. ఏడు. ఐదు. ఐదు. నాలుగు. మూడు. రోజురోజుకూ కిందికి దిగుతున్న అంకెలు. పుస్తకం కింద ఒక కాగితం. బయటి పని చేయలేను, కూర్చునే పనికి ఒప్పుకుంటున్నాను అని టైపు చేసి ఉంది. సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంది.

“రేపు ఇచ్చేద్దామనుకుంటున్నాను” అంది ఉత్తరాలమ్మ. “డాక్టరమ్మ వద్దంటోంది గానీ, కాలు నాది కదా. నాకు తెలియదా.”

మేస్త్రి యంత్రం పక్కన నేలమీద కూర్చున్నాడు. డాక్టరమ్మ యాప్ పెట్టి, ఎత్తు రోడ్డు వచ్చేదాకా తిప్పమన్నాడు. ఎత్తు వచ్చింది. దిమ్మె బిగిసింది. ఆమెను దిగమని, ఈసారి తన చెయ్యి పెడలు మీద వేసి, రెండో చేత్తో బటన్ నొక్కాడు.

టిక్. పెడలు బరువు అంతే ఉంది.

టిక్. అంతే ఉంది.

టిక్, టిక్, టిక్. ఆ డబ్బీ ఎంత చక్కగా పలికిందంటే, కళ్ళు మూసుకుంటే ఏ చెవైనా నమ్మేస్తుంది. చెయ్యి మాత్రం రాయిని నెడుతున్నట్టే ఉంది. మేస్త్రికి ఆ డబ్బీ మీద పుట్టిన రోత కన్నా, పక్కనే ఒగ్గి ఉన్న తన చెవి మీద పుట్టిన రోత ఎక్కువైంది.

“పడలేదమ్మా” అన్నాడు. “ఆ రోజు పడిందని రాశాను. పడలేదు. ఇవాళే కాదు, ఒక్కరోజు కూడా పడలేదు. నువ్వు ఈ మూడు వారాలూ ఒకే గేరులో కొండ ఎక్కావు.”

ఉత్తరాలమ్మ నోటుపుస్తకంలోని అంకెల వంక చూసింది.

“అంటే నా కాలు…”

“నీ కాలు బాగానే ఉంది. మంచి కాలున్నవాడు కూడా దీని మీద పది నిమిషాలు తొక్కలేడు.”

ఆమె మంచం అంచున కూర్చుంది. అరుస్తుందనుకున్నాడు మేస్త్రి. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, తప్పుచేసిన పిల్లను దగ్గరకు తీసుకున్నట్టు నిమిరింది.

“మూడు వారాలు దీన్ని తిట్టాను మేస్త్రీ” అంది. “పొద్దున లేస్తూనే తిట్టాను. ముదనష్టపు కాలు అన్నాను. పంతొమ్మిదేళ్ళు నన్ను మోసినదాన్ని. యంత్రం తప్పేమో అని ఒక్కోసారి అనిపించేది. వెంటనే, కాదులే, మేస్త్రి రాశాడుగా అనుకునేదాన్ని. మీ చీటీయే నా నోరు మూసింది.”

మేస్త్రి తల ఎత్తలేదు. ఇంకొకరైతే అల్లుడుగారి పేరు చెప్పేవారు, పెట్టె అడుగున ఉన్న చీమల అక్షరాల సంగతి చెప్పేవారు. ఆయన అదంతా తరువాత చెప్పాడు. అప్పుడు మాత్రం, దాన్ని చూస్తే అసహ్యమేసి త్వరగా వెళ్ళిపోదామని చెయ్యి వెయ్యలేదమ్మా, అసహ్యం నాది, కష్టం నీదైంది అన్నాడు.

తరువాత లేచి, గోడకు తగిలించిన వెనక చక్రం దించి గుడ్డ విప్పాడు. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం దేవుణ్ణి తలుచుకున్నాడు. పని మొదలుపెట్టేముందు ఎప్పుడూ తలుచుకుంటాడు. ఆ రోజు కొంచెం ఎక్కువసేపు తలుచుకున్నాడు. చక్రానికి ఉన్న ఏడు పళ్ళచక్రాల గుత్తిని విప్పి తీశాడు. దిమ్మెకున్న ఒంటిచక్రాన్ని, ప్లాస్టిక్ బిళ్ళలను ఊడదీసి పక్కన పడేశాడు. గుత్తిని దిమ్మెకు ఎక్కించాడు. వెంట్రుకవాసి కదులుతుంటే సంచిలోంచి సన్నని ఇనుప రింగు తీసి సందులో వేశాడు. కదలడం ఆగింది. కమ్మీకి చుట్టి కట్టిన పాత తీగను విప్పి లాగి బిగించాడు. కత్తిరించమన్న తీగే ఇప్పుడు పనికొచ్చింది. బటన్ల డబ్బీని హ్యాండిలు మీంచి విప్పి, దాని బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాడు. అది మళ్ళీ నోరెత్తితే వినలేనన్నాడు. ఉత్తరాలమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

అసలైన చైను, అసలైన పళ్ళచక్రాలు. ఫోనులో ఏ యాప్ ఉందో వాటికి తెలియదు, తెలియనక్కరలేదు. రోడ్డు ఎంత బరువు పెట్టాలో యాప్ చెబుతుంది, ఆ బరువును కాలికి ఎంత పంచాలో చైను చూసుకుంటుంది.

గేరు మార్చే పాత మీట చేతికందేలా బిగించి, ఉత్తరాలమ్మను ఎక్కమన్నాడు. ఎత్తు రోడ్డు పెట్టాడు. తరువాత సంచిలోంచి కొంచెం దూది తీసి, రెండు చెవుల్లోనూ కుక్కుకున్నాడు.

ఇదేం వేషం మేస్త్రీ అన్నట్టు చూసింది ఆమె.

“ఇవాళ నేను చెప్పను. నీ కాలు చెప్పాలి” అన్నాడు, తన గొంతు తనకే వినపడక కొంచెం గట్టిగా.

ఆమె తొక్కింది. దిమ్మె బిగిసింది, ముఖం బిగిసింది. మీట నొక్కింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరువాత ఆమె భుజాలు కిందికి దిగాయి, పాదం గుండ్రంగా తిరిగింది. ఇంకోసారి నొక్కింది. మేస్త్రి ఆమె నోటి వంక చూస్తున్నాడు. చప్పుడేమీ వినపడలేదు గానీ, ఆ నోరు పలికిన మాట ముప్పై ఏళ్ళుగా తన నోట్లో ఉన్నదే.

పడింది.

సంతకం లేని కాగితాన్ని ఆమె నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద ఎత్తుకు పెట్టింది. డాక్టరమ్మకు ఫోను చేసి సంగతంతా చెప్పింది. మోకాలు వాచి ఉంది కాబట్టి ఒక వారం తొక్కవద్దని, ఆ తరువాత మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టమని డాక్టరమ్మ చెప్పింది. గడువు మాత్రం ఆఫీసు వాళ్ళది, అది మారదు. మిగిలినవి నాలుగు వారాలు.

మేస్త్రి దుకాణానికి తిరిగి వచ్చి ఆ చీటీ అడిగాడు. అల్లుడుగారు ఇవ్వనన్నాడు, అది దుకాణం కాగితమన్నాడు. సరే, నా మాట నా దగ్గర ఉంది కదా అని, కార్బన్ నకలు ఉన్న తన పుస్తకం తీసి, ‘పడింది’ కొట్టివేసి పైన ‘పడలేదు’ అని రాసి, తేదీ వేసి, అల్లుడుగారి ముందే సంతకం పెట్టాడు. ఆ పుస్తకంలో అలాంటి యంత్రాలకు రాసిన చీటీలు ఇంకో పది ఉన్నాయి. వరసగా పదిరోజులు సాయంత్రాలు ఆ పది ఇళ్ళకూ వెళ్ళాడు. ఆరిళ్ళలో కంపెనీ యాపే వాడుతున్నారు, గొడవ లేదు. రెండిళ్ళలో యంత్రం మీద తడిబట్టలు ఆరవేసి ఉన్నాయి. మిగిలిన రెండిళ్ళవాళ్ళు తమకు వయసు మీదపడిందని అనుకుంటున్నారు. వాళ్ళకూ పళ్ళచక్రాల గుత్తులు ఎక్కించి వచ్చాడు. ఇంటికి వచ్చి భోజనం ముందు కూర్చుంటే, ఇవాళ ఎన్ని పాపాలు కడుక్కున్నారు అని భార్య అడిగేది. ఒకటి అనో, రెండు అనో చెప్పేవాడు. ఆవిడ ఇంకో ముద్ద ఎక్కువ వడ్డించేది.

అల్లుడుగారు మేస్త్రిని తీసెయ్యలేదు. అలాంటి చెవి ఇంకొకటి దొరకదు. ఎర్ర అక్షరాలూ తీసెయ్యలేదు. ‘ఏ యాప్‌కైనా సరే’ చివర ఒక చిన్న నక్షత్రపు గుర్తు పెట్టించి, అద్దం అడుగున, చెప్పుల దుమ్ము ఎగిరిపడే చోట, దాని అర్థం రాయించాడు. వంగి చదివినవాడు ఇంతవరకూ లేడు. రోజూ పొద్దున తలుపు తీసేటప్పుడు మేస్త్రి అక్కడి దుమ్ము గుడ్డతో తుడుస్తాడు. మధ్యాహ్నానికి మళ్ళీ పేరుకుంటుంది. సాయంత్రం మళ్ళీ తుడుస్తాడు. ఆ గుడ్డను వేరే పనికి వాడడు. ఇప్పుడు ఆయన గేరు బిగించిన ఏ సైకిలైనా, దాని సొంతదారు ఎక్కి తొక్కి నోటితో చెబితే తప్ప చీటీ మీద ఆ మాట రాయడు. అల్లుడుగారు దీన్ని చాదస్తం అంటాడు.

నాలుగోవారం చివర కింది వాటా ముసలావిడ కర్ర పట్టుకుని దుకాణానికి వచ్చింది. పైకప్పు మీద ఆ చప్పుడు ఇవాళ ఇరవై రెండు నిమిషాలు ఆగలేదు, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను, నీకు చెబుదామని వచ్చాను అంది. మేస్త్రి ఆవిడకు స్టూలు వేసి, నీళ్ళిచ్చి, ఇంటిదాకా దిగబెట్టి వచ్చాడు. డాక్టరమ్మ కాగితం వచ్చాక, గుత్తిని మళ్ళీ వెనక చక్రానికి ఎక్కించి, ఉత్తరాలమ్మ సైకిలును రోడ్డుకు సిద్ధం చేశాడు.

ఆ తరువాత పదిరోజులకు, ఒక ఉదయం వెనక గదిలో పని చేసుకుంటుంటే, వీధి ఎత్తు మొదలయ్యే చోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. టిక్. చైను చిన్నచక్రం మీంచి పెద్దచక్రం మీదికి నిండుగా దిగిన చప్పుడు. ఏ సైకిలో, ఏ చక్రమో, ఎవరు బిగించారో ఆ చెవికి తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేస్త్రి దాన్ని అక్కడే ఆపి, చేతులు తుడుచుకుంటూ, అద్దాల మధ్యగా, ఆ యంత్రాల పక్కగా ముక్కు మూసుకుని నడిచి, చూడటానికి వీధిలోకి వచ్చాడు.

ఉత్తరాలమ్మ సంచి భుజాన వేసుకుని, సీటు మీంచి లేవకుండా, నెమ్మదిగా ఎత్తు ఎక్కుతోంది. సగం ఎత్తులో ఒక ఇంటి ముందు ఆగి బెల్లు రెండుసార్లు కొట్టింది.